తర్రెం దారిన వాక్యం మోసుకెళ్ళేవారికి

గౌరవనీయులైన పాస్టరు గార్లకు, ఫాదరు గార్లకు, సిస్టర్లకు, కూడికలు నడిపే అన్నలకు, అక్కలకు వందనాలు.

చర్ల దాటి, అడవి దాటి, ఛత్తీస్‌గఢ్‌లోని బాసగూడ, తర్రెం, సిల్గేర్ వైపు కోయ ఊళ్ళకు వెళ్ళి వస్తున్న మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీలో కొందరి సంచిలో 66 పుస్తకాల బైబిలు ఉంటుంది. కొందరి సంచిలో 73 పుస్తకాల బైబిలు, దాని పక్కన జపమాల ఉంటాయి. నడిచే దారి ఒకటే. దాహమైతే నీళ్ళిచ్చే గుమ్మాలూ అవే. కానీ ఒకరు వెళ్ళొచ్చిన ఇంట్లో ఇంకొకరి గురించి ఏం చెప్పి వస్తున్నారో నా చెవులతో విన్నాను. విన్నాక ఊరుకోలేక రాస్తున్నాను.

భద్రాచలం చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. మా అమ్మ పుట్టిల్లు దుమ్ముగూడెం. గోదావరి మీద పడవల దారి పనులు చూసిన ఇంజనీరు హేగ్ దొర పట్టుబట్టగా, 19వ శతాబ్దంలో చర్చి మిషనరీ సొసైటీ వాళ్ళు కోయల కోసం పెట్టిన మిషను అది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక సి.ఎస్.ఐ. అయింది. మా నాన్నది ఫిరంగిపురం. తాతల నాటి నుంచీ ఆర్.సి.ఎం., అంటే రోమన్ కేథలిక్కులు. ఆదివారం పొద్దున ఒకే ఇంట్లోంచి ఇద్దరూ రెండు దారుల్లో వెళ్ళేవారు, మధ్యాహ్నం ఒకే పళ్ళెం ముందు కూర్చునేవారు. నేను అమ్మ సంఘంలో పెరిగాను. ఈ తగవు నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు, ఇంట్లో తెలిసింది.

రెండేళ్ళ కిందట చర్ల మండలంలో అడవి అంచున ఒక కోయ గూడేనికి వెళ్ళాను. అక్కడ ఒక ముసలమ్మ. పుట్టిందీ కాపురం చేసిందీ తర్రెం పక్కన. 2005 తర్వాత, మావోయిస్టుల మీదికి లేచిన సల్వా జుడుం దళాల రోజుల్లో ఊళ్ళు ఖాళీ అయినప్పుడు పిల్లల్ని తీసుకుని ఇటు వచ్చేసింది. తర్రెం పేరు మనలో చాలామంది మొదటిసారి చదివింది 2021 ఏప్రిల్ 3న మావోయిస్టుల దాడిలో 22 మంది జవాన్లు చనిపోయిన వార్తలో. ఆమెకు మాత్రం అది మొగుడి రాయి ఉన్న చోటు. చనిపోయినవాళ్ళ పేరున కోయలు రాయి నిలబెడతారని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రాయి అక్కడే ఉండిపోయింది కాబట్టి, ఇక్కడ ఇంటి వెనక ఇప్పచెట్టు కింద మోకాలెత్తు రాయి ఒకటి నిలబెట్టుకుంది. దాని ముందు మట్టి ప్రమిద ఉంది. ప్రమిద ఎండిపోయి ఉంది. వత్తి సగం కాలి, మసి కట్టి, అలాగే ఉండిపోయింది.

దీపం ఎందుకు పెట్టడం లేదమ్మా అని అడిగాను. కోయా తెలుగూ కలిపి చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తాను.

"కొడుకు ప్రార్థనకు పోతడు. చచ్చినోళ్ళకు ఏం తెల్వదు, రాయి కాడ దీపం పెడితే పాపమంటడు. బిడ్డ ఫాదర్ల గుడికి పోతది. అక్కడ మేరీ తల్లి కాడ దీపం పెట్టొచ్చంట. దేవుడు ఒక్కడే అంటరు, పుస్తకాలు రెండు పట్టుకొస్తరు. మేరీ తల్లి కాడ పెట్టొచ్చు, నా మొగుడి కాడ పెట్టొద్దు. నా మొగుడు నాకు పరాయోడా?"

అయ్యా, అమ్మా, ఈ ప్రశ్నకు మీ దగ్గర ఏం జవాబుంది? నేను ఆ రోజు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి చాలా రోజులు ఆలోచించాను. ఆమె అడిగిన మూడు మాటల్లో అయిదు వందల ఏళ్ళ తగవు మొత్తం ఉంది. పుస్తకం ఏది, పెద్దల నుంచి వచ్చిన ఆనవాయితీకి విలువెంత, చనిపోయిన పుణ్యాత్ములకూ మనకూ ఉన్న చుట్టరికం ఏమిటి?

ముందు పుస్తకం సంగతి. కేథలిక్కులు బైబిలుకు ఏడు పుస్తకాలు కలుపుకున్నారని ఆ కొడుకుకు ఎవరో చెప్పారు. ప్రొటెస్టెంట్లు బైబిల్లోంచి ఏడు పుస్తకాలు చింపేశారని ఆ బిడ్డకు ఇంకెవరో చెప్పారు. చెప్పడానికి రెండూ తేలికే. జరిగింది రెండూ కాదు. తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా కుమారుని జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయుల రెండు పుస్తకాలు తొలి శతాబ్దాల క్రైస్తవులు చదువుకున్న గ్రీకు పాత నిబంధనలో ఉన్నవే. హెబ్రీ పాఠంలో లేవు. అందుకే నాలుగో శతాబ్దం చివర లాటిన్ బైబిలు తయారుచేసిన జెరోముకే వాటి మీద అనుమానం ఉండేది, అగస్టీనుకు ఉండేది కాదు. ఇద్దరినీ కేథలిక్కులు పునీతులనే పిలుస్తారు. మార్టిన్ లూథరు 1534లో అచ్చువేసిన జర్మన్ బైబిల్లో వాటిని తీసెయ్యలేదు. లేఖనాలతో సమానం కావు గానీ చదవడానికి మంచివని చెప్పి, రెండు నిబంధనల మధ్య విడిగా పెట్టాడు. 1546 ఏప్రిల్ 8న ట్రెంట్ మహాసభ అవి లేఖనాలేనని తీర్మానించింది. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లోనూ అవి ఉన్నాయి. వాటిని అచ్చు వెయ్యడానికి ఇక డబ్బు ఇవ్వబోమని బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ తేల్చుకున్నది 1820ల్లో. మన తాతల చేతికి వచ్చిన తెలుగు బైబిలు సొసైటీ అచ్చు గనుక ఆ పుస్తకాలు లేకుండానే వచ్చింది. కలిపినవాడూ లేడు, చింపినవాడూ లేడు. చాలాకాలం తర్జనభర్జన జరిగింది, చివరికి రెండు తీర్పులు వచ్చాయి. ఈ మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చింపేశారు అనడానికి రెండు సెకన్లు చాలు కాబట్టి మనం ఆ రెండు సెకన్ల మాటే చెబుతున్నాం.

ఇక "వాక్యం మాత్రమే" అనే మాట. మా సంఘంలో చిన్నప్పటి నుంచీ విన్నాను, దాని బలం నాకు తెలుసు. పోపు గారు చెప్పినా, మహాసభ చెప్పినా, ఊరి పాస్టరు చెప్పినా బైబిలు విప్పి అందులో ఉందా అని అడిగే ధైర్యం అక్షరం వచ్చిన ప్రతి మనిషికీ ఇచ్చింది ఆ మాట. మాలమాదిగ పల్లెల్లో బడులు పెట్టించింది. కోయల దగ్గరికి వచ్చిన జాన్ కెయిన్ దొర దుమ్ముగూడెంలో ఏళ్ళ తరబడి కూర్చుని వాళ్ళ భాష నేర్చుకోవడం, లూకా సువార్త కోయలోకి రావడం ఆ నమ్మకం వల్లనే. వాక్యం ఎవరి భాషలో వాళ్ళకు అందాలి, వాళ్ళే తూచుకోవాలి. అది చిన్న సంగతి కాదు, నేను దాన్ని వదులుకోను.

కానీ పాస్టరు గారూ, "మాకు సంప్రదాయం లేదు, వాక్యం మాత్రమే" అని మీరన్నప్పుడు నాకు మనసులో ఇబ్బందిగా ఉంటుంది. కొత్త నిబంధనలో 27 పుస్తకాలని ఏ పుస్తకంలోనూ రాసి లేదు. సరిగ్గా ఆ 27 పేర్లూ వరసగా మొదట కనబడేది అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియు 367లో రాసిన ఉత్తరంలో. డిసెంబరు 25 వాక్యంలో లేదు. మన ఆరాధనలో పురుషోత్తమ చౌదరి గారి కీర్తన లేకుండా ఒక్క ఆదివారమైనా గడుస్తుందా? 1803లో పుట్టిన ఆ మహానుభావుడి పాటలు బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్ళు అందరూ నెత్తిన పెట్టుకున్నారు. పెద్దల నుంచి చేతికి వచ్చింది మనకూ ఉంది. వాక్యంతో తూచి, సరిపోయినదే ఉంచుకుంటాం అనేదే మన అసలు వాదన. లూథరు చెప్పిందీ అంతే. ఆ మాటే చెప్పండి, దానికి నిలకడ ఉంది.

ఫాదరు గారూ, మీ వంతు. లేఖనమూ, అపొస్తలుల నుంచి వచ్చిన పారంపర్య బోధా ఒకే ఊట నుంచి వచ్చే రెండు పాయలని రెండో వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న చెప్పింది. సంఘాధికారుల బోధ దేవుని వాక్యానికి పైన కాదు, దానికి సేవ చెయ్యాలని కూడా ఆ పత్రంలోనే ఉంది. ఈ రెండో మాట మీ ప్రసంగాల్లో నాకు వినపడడం లేదు. మరియమ్మ జన్మపాపం లేకుండా తల్లి గర్భంలో పడిందని 1854లో, ఆమె శరీరంతో సహా పరలోకానికి ఎత్తబడిందని 1950లో విశ్వాస సత్యాలుగా ప్రకటించారు. ఇవి బైబిల్లో ఎక్కడున్నాయని ఒక ప్రొటెస్టెంటు అడిగితే అతను దేవమాతను తిట్టినట్టు కాదు. నిజమైన ప్రశ్న అడిగినట్టు. జవాబు ఇవ్వండి, కోపగించుకోకండి.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పనివ్వండి.

నాన్న సాయంత్రం వసారాలో కూర్చుని జపమాల చెప్పుకునేవారు. నల్ల పూసలు, సిలువ దగ్గర దారం తెగితే ఆయనే రాగి తీగతో ముడివేసుకున్నారు. అమ్మ లోపల లాంతరు దగ్గర బైబిలు చదువుకునేది. పైకే చదివేది, నాన్నకు వినబడాలనే చదివేదేమో కూడా. ఒక క్రిస్మసు ముందు లూకా మొదటి అధ్యాయం చదువుతోంది. గబ్రియేలు దూత మరియకు చెప్పిన శుభవచనం చదివి, తర్వాత ఎలీసబెతు మరియను స్త్రీలలో ధన్యురాలివని దీవించిన మాట చదివి, ఆగిపోయింది. బయట నాన్న పూస మీద అవే మాటలు. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఇవి నా పుస్తకంలో మాటలే కదండీ" అంది. నాన్న తల ఊపారు, జపం ఆపలేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు నేను చూసింది ఇది. అప్పుడప్పుడు అమ్మ వసారాలో నాన్న పక్కన కూర్చునేది. మంగళవార్త జపంలో మొదటి సగం నాన్నతో కలిసి చెప్పేది, ఎందుకంటే అది లూకా సువార్త. రెండో సగం, మా కోసం ప్రార్థించమని మరియమ్మను అడిగే సగం వచ్చేసరికి ఊరుకునేది, ఎందుకంటే అది లేఖనంలో లేదు. సంఘం కూర్చిన మాట అది. ఇప్పటి రూపంలో 1568 నాటి రోమను ప్రార్థనా గ్రంథంలో స్థిరపడింది. అమ్మ ఆగిన చోట నాన్న ఒక్కరే చెప్పేవారు. మళ్ళీ మొదటి సగానికి అమ్మ గొంతు కలిసేది. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ళను లాగలేదు. తేడా ఎక్కడుందో ఇద్దరికీ ఖచ్చితంగా తెలుసు, ఏ మాట దగ్గర మొదలవుతుందో కూడా తెలుసు. తెలియడం వల్లనే తిట్టుకోవలసిన పని పడలేదు.

నేను మిమ్మల్ని అడిగేది ఇదే. తేడాను దాచమని కాదు. అది సరిగ్గా ఏ మాట దగ్గర మొదలవుతుందో అక్కడ వేలు పెట్టి చూపించండి. అంతకు ముందూ వెనకా ఉన్నదాని మీద బురద చల్లకండి.

ఉదాహరణకు మాటలే చూడండి. ఈ ఉత్తరం "వందనాలు" అని మొదలుపెట్టాను. మన సంఘాల్లో రోడ్డు మీద పాస్టరు గారు ఎదురైతే వందనాలండీ అంటాం. కేథలిక్కులు మరియమ్మకు వందనం అంటే మాత్రం విగ్రహారాధన అంటాం. వాళ్ళు స్వరూపం అంటారు, మనం విగ్రహం అంటాం. ఒకే మట్టిబొమ్మకు రెండు పేర్లు, ఆ రెండు పేర్లలోనే తీర్పు చెప్పేస్తున్నాం. వాళ్ళ దివ్యపూజలో "పూజ" అన్న మాట వినగానే మనవాళ్ళు చెవులు మూసుకుంటారు. దేవునికే చెందే ఆరాధన వేరు, పునీతులకు ఇచ్చే గౌరవం వేరని 787లో నైసియా రెండో మహాసభలోనే గీత గీశారు. 1563లో ట్రెంటు మళ్ళీ చెప్పింది, బొమ్మలో ఏ శక్తీ లేదని, గౌరవం బొమ్మ ఎవరిదో వారికే చేరుతుందని. 2025 నవంబరు 4న రోము నుంచి వచ్చిన పత్రం మరియమ్మను సహ రక్షకురాలు అనడం తగదని తేల్చింది, రక్షకుడు క్రీస్తు ఒక్కడే కాబట్టి. ఇవేవీ తెలియకుండా "వాళ్ళు మేరీని దేవుడంటారు" అని కోయ కుర్రవాడికి చెప్పి వస్తే, అది పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం. ఆ ఆజ్ఞ ఎన్నోదో లెక్క తేడా ఉండొచ్చు గాని, ఆజ్ఞ మాత్రం ఇద్దరికీ ఉంది.

లెక్క అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. కేథలిక్కులు పది ఆజ్ఞల్లోంచి రెండోది, విగ్రహాల సంగతి, తీసేశారని కరపత్రాల్లో చదివాను. తియ్యలేదు. మొదటి ఆజ్ఞలో కలిపి లెక్కపెట్టి, చివరి ఆజ్ఞను రెండు చేశారు. గుంటూరు లూథరన్లు కూడా సరిగ్గా అలాగే లెక్కపెడతారు. 1842లో హెయర్ అయ్యగారు గుంటూరు వచ్చిన నాటి నుంచీ వాళ్ళ చిన్న ప్రశ్నోత్తరిలో లెక్క అదే. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు.

ప్రొటెస్టెంటు ప్రశ్న అసలెక్కడుందో కూడా నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని కేథలిక్కులు చాలాసార్లు తేలిక చేస్తారు. మాకు మరియమ్మ మీద ద్వేషం లేదు. దేవునికీ మనుషులకూ మధ్య మధ్యవర్తి ఒక్కడే అని పౌలు తిమోతికి రాశాడు. చనిపోయి ప్రభువు దగ్గరున్నవాళ్ళను పిలిచి మా కోసం అడగండి అనడానికి మాకు లేఖనంలో ఆజ్ఞా లేదు, వాగ్దానమూ లేదు, ఒక్క ఉదాహరణా కనబడదు. కాబట్టి నేరుగా క్రీస్తునే అడుగుతాం. బతికున్న అక్కను నా కోసం ప్రార్థించమని అడగడం లేదా, చనిపోయినా క్రీస్తులో బతికే ఉన్నారు కదా అని కేథలిక్కులు అంటారు. అదీ గట్టి మాటే. ఈ రెంటి మధ్య నేను అమ్మ పక్షం. కానీ పునీతులను తలుచుకోవడమే తప్పని మనవాళ్ళు కొందరు చెబుతారు. అది ప్రొటెస్టెంటు బోధ కానే కాదు. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 21వ అంశంలో, పునీతులను తలుచుకోవాలి, వాళ్ళ విశ్వాసాన్ని అనుసరించాలి, కానీ వాళ్ళను వేడుకోకూడదు అని ఉంది. తలుచుకోవడానికీ వేడుకోవడానికీ మధ్యన ఉంది గీత. కెయిన్ దొర కోయలకు ఇచ్చిన లూకాలోనే, ఇకమీదట అన్ని తరాలవారూ తనను ధన్యురాలని అంటారని మరియ పాడింది. ఆ అన్ని తరాల్లో మన తరం లేదా?

ఈ గీత జనం మధ్య ఎలా ఉందో రెండు కొండల మీద చూశాను. ఒంగోలులో ఒక కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారకముందే లైమన్ జువెట్ దొర, ఆయన భార్య, మరి కొద్దిమంది ఆ కొండెక్కి తెలుగువాళ్ళ కోసం ప్రార్థించారు. దాన్ని ప్రార్థన కొండ అంటారు, బాప్టిస్టులు ఈనాటికీ ఎక్కుతారు. విజయవాడలో గుణదల కొండ ఉంది. 1924లో అర్లాటి ఫాదరు గారు అక్కడ లూర్దుమాత స్వరూపం పెట్టారు, ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లక్షల జనం ఎక్కుతారు. నేను రెండూ ఎక్కాను. ఒంగోలు కొండ మీద ఆ మట్టిని ముట్టుకుని కళ్ళకద్దుకున్న బాప్టిస్టు పెద్దావిణ్ణి చూశాను. ఆవిడ విగ్రహారాధన చేసిందని నేననుకోలేదు. గుణదలలో కొబ్బరికాయ కొట్టి తలనీలాలిచ్చి దిగివస్తున్న ఒకామె, అమ్మవారికి మొక్కు తీరిందని చెప్పింది. ఇక్కడ మాత్రం ఫాదర్లను నిలదీస్తాను. ఆరాధన వేరు, గౌరవం వేరు అన్న ఆ గీత ఆమెకు ఎవరైనా చూపించారా? మీ మహాసభల్లో గీసిన గీత కొండ దిగేవాళ్ళకు కనబడకపోతే, మా పాస్టర్లు వేసే నిందలో సగం బరువు మీ మీదే ఉంటుంది.

మళ్ళీ ఇప్పచెట్టు కింది రాయి దగ్గరికి వస్తాను.

ఆ కొడుకు ప్రసంగి పుస్తకంలో చచ్చినవారు ఏమీ ఎరుగరు అన్న మాట పట్టుకుని తల్లి దీపం ఆర్పించాడు. కానీ మన తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలు ఈస్టరు తెల్లవారుజామున ఏం చేస్తాయి? సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, చీకట్లో పాటలు పాడతాయి. మా అమ్మ సమాధి దగ్గర నేనూ వెలిగిస్తాను. అమ్మను వేడుకోను, తలుచుకుంటాను, పునరుత్థాన దినాన చూస్తానని ఎదురుచూస్తాను. కేథలిక్కులు నవంబరు 2న వెలిగిస్తారు. చనిపోయినవాళ్ళ ఆత్మల కోసం ప్రార్థిస్తారు, దానికి మక్కబీయుల రెండో పుస్తకం చూపిస్తారు. తేడా ఉంది, పెద్దదే. కానీ కొవ్వొత్తి రెండు చోట్లా వెలుగుతుంది. పట్నంలో మన సమాధి దగ్గర పాపం కాని వెలుగు అడవిలో ఆమె మొగుడి రాయి దగ్గర పాపం ఎలా అయింది? ఆ రాయికి బలి ఇవ్వడం, దాన్ని వరాలడగడం వేరు సంగతి, దాని గురించి మీరు మీ నమ్మకం చెప్పండి. మొగుణ్ణి తలుచుకుని పెట్టే దీపం వేరు. మన ఇంట్లో మనం గీసుకున్న గీతే ఆమె ఇంట్లోనూ గీసి చూపించొచ్చు కదా?

ఈ విషయంలో పెద్ద పీఠాలే తడబడ్డాయి. చైనాలో క్రైస్తవులు తమ పెద్దల పేరు రాసిన చెక్కపలక ముందు అగరొత్తి వెలిగించడం తప్పని 18వ శతాబ్దంలో రోము నిషేధించింది, 1742లో మరీ గట్టిగా. 1939 డిసెంబరులో పన్నెండో పయస్ పోపు గారి కాలంలో, అది పెద్దల మీద గౌరవమే, ఆరాధన కాదని ఒప్పుకుంది. దాదాపు రెండు వందల ఏళ్ళ పాటు చైనా బిడ్డలు తల్లిదండ్రులకూ దేవునికీ మధ్య నలిగిపోయారు. మన అడవిలో ఆ తప్పు మళ్ళీ చెయ్యకండి. ఇటు ఫాదర్లకూ, అటు పాస్టర్లకూ కలిపే చెబుతున్నాను.

మనం ఇలా తగవులాడుకునే చోటు ఎలాంటిదో కూడా మరిచిపోకూడదు. 2022 డిసెంబరులో అదే ఛత్తీస్‌గఢ్‌లో నారాయణపూర్ జిల్లా ఊళ్ళలో క్రీస్తును నమ్మిన ఆదివాసీలను వందల సంఖ్యలో ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు. ఎక్కువమంది చిన్న చిన్న ప్రార్థనా సహవాసాలవాళ్ళు. 2023 జనవరి 2న నారాయణపూర్ పట్టణంలో గుంపు వెళ్ళి ధ్వంసం చేసింది కేథలిక్కుల సేక్రెడ్ హార్ట్ దేవాలయాన్ని. 66 పుస్తకాల వాళ్ళ మీద కోపం 73 పుస్తకాల వాళ్ళ గుడి మీద తీరింది. రాయి విసిరినవాడు స్వరూపమా విగ్రహమా అని అడగలేదు.

2025 జనవరి 7న బస్తర్ జిల్లా ఛిందవాడ గ్రామంలో ఒక పాస్టరు గారు చనిపోయారు. ఊరి శ్మశానంలో చోటివ్వలేదు, సొంత పొలంలో పాతిపెట్టనివ్వలేదు. కొడుకు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. అప్పటిదాకా శవం మార్చురీలోనే ఉండిపోయింది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులిచ్చారు. సొంత పొలంలో పాతిపెట్టుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న, కేటాయించిన శ్మశానంలోనే జరగాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ. శవాన్ని ఇంకా ఆపడం తగదని, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరాన కార్కాపాల్ క్రైస్తవ శ్మశానంలో పాతిపెట్టమని ఇద్దరూ కలిసి చెప్పారు. తండ్రి కళ్ళు మూశాక ఇరవై రోజులు పట్టింది ఆ కొడుక్కి.

అందుకని నేను మిమ్మల్ని కోరేవి పెద్ద పెద్ద ఐక్యతా సభలు కావు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్ పట్టణంలో లూథరన్లూ కేథలిక్కులూ నీతిమంతులుగా తీర్చబడడం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు, మంచిదే. అది ఇప్పచెట్టు దాకా రాలేదు. మీరు నడిచి వెళ్తున్నారు, మీరు తీసుకెళ్ళగలరు. ఎదుటివాళ్ళ నమ్మకాన్ని మీరు చెప్పేటప్పుడు, వాళ్ళు పక్కనే కూర్చుని వింటున్నారనుకుని చెప్పండి. అవును, మేం నమ్మేది ఇదే అని వాళ్ళు తలూపేలా చెప్పి, ఆ తర్వాత మీరెందుకు ఒప్పుకోరో చెప్పండి. కొడుకునూ బిడ్డనూ ఒక తల్లి ముందు రెండు జట్లు చెయ్యకండి. రాయిని తీసెయ్యమని చెప్పేముందు, ఆ రాయి ఎవరిదో పేరు అడగండి.

ఇంకొక్కటి, ఇది వెంటనే కావలసింది. ఆ వైపు మీ సంఘానికో, మీ విచారణకో (పారిష్‌కో) సెంటు భూమి సమాధులకు ఉంటే, అది అవతలి సంఘం శవానికీ తెరిచి ఉంటుందని ఈ వర్షాలు మొదలయ్యేలోపే పెద్దల చేత రాయించండి. ఫాదరు గారూ, మీ 73 పుస్తకాల్లో తోబీతు ఉన్నాడు. పరాయి దేశంలో, రాజు చంపుతానన్నా వినకుండా, కంచం ముందు నుంచి లేచి వెళ్ళి దిక్కులేని శవాన్ని పాతిపెట్టినవాడు. పాస్టరు గారూ, మీ పుస్తకంలో తోబీతు లేడు. కానీ అరిమతయియ యోసేపు ఉన్నాడు, తన కోసం తొలిపించుకున్న సమాధిని ఇచ్చేసినవాడు. అతను ఇద్దరి పుస్తకాల్లోనూ ఉన్నాడు.

మీ సహోదరి,
భద్రాచలం నుంచి ఒక రిటైరైన తెలుగు టీచరు